పాత మానిటర్‌లో రంగు మారితే ట్యూబు పోయినట్టేనా?

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా డీటీపీ సెంటర్లు, ఫొటో స్టూడియోలు నడిపేవారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. మానిటర్‌లో రంగులు మారాయంటే ట్యూబు, అంటే బొమ్మ చూపే గాజు గొట్టం, పోయినట్టేనట. కేబుల్‌లో ఒక పిన్ను లేకపోతే అది పాడైన కేబులట. తెర మూలల్లో రంగు మరకలు వస్తే అయస్కాంతం తిప్పాలట. మన తీరంలో ఉప్పుగాలికి తెర పసుపెక్కడం మామూలేనట. ఏదీ కుదరకపోతే ట్యూబు పగలగొట్టి రాగి అమ్ముకోవాలట. రాసిన వారికి ధీమా మాత్రం దండిగా ఉంది.

ముందుగా ట్యూబు సంగతి. తెరపై కనిపించే ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల కలయికే. కంప్యూటర్ నుంచి మానిటర్‌కు బొమ్మను చేరవేసే పాత వీజీఏ కేబుల్‌లో ఈ మూడూ వేర్వేరు తీగల్లో వస్తాయి. 1వ పిన్ను ఎరుపు, 2వది ఆకుపచ్చ, 3వది నీలం. వీటిలో ఒకటి తెగినా, ప్లగ్గు వదులైనా ఆ రంగు మాయమవుతుంది. నీలం రాకపోతే తెల్ల కాగితం పసుపుగా కనిపిస్తుంది. పెళ్లి శుభలేఖకు పెట్టిన పసుపు అంచు అందులో కలిసిపోయి అసలు కనబడదు. ఎరుపు పోతే తెలుపు కాస్తా నీలి ఆకుపచ్చగా మారుతుంది, ఆకుపచ్చ పోతే ముదురు గులాబీగా. ఏది పోయిందో తేల్చుకోవడానికి మెకానిక్కు అక్కర్లేదు. పెయింట్ ప్రోగ్రాం తెరిచి మూడు రంగుల్లో మూడు గడులు నింపండి. నల్లగా మిగిలిన గడి ఏదో ఆ రంగే రావడం లేదు.

తప్పు మానిటర్‌దా, దాని బయటిదా అన్నది తర్వాతి ప్రశ్న. కంప్యూటర్ నుంచి కేబుల్ పీకేసి మానిటర్‌ను మాత్రం ఆన్‌లో ఉంచండి. చాలా మానిటర్లు సిగ్నల్ లేదని తెరమీద ఒక పెట్టె చూపిస్తాయి, కొన్ని రంగుల పట్టీలు కూడా వేస్తాయి. అవి సరైన రంగుల్లో ఉంటే మానిటర్ దాదాపు నిర్దోషి. కేబుల్‌నూ, కంప్యూటర్‌లో బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డునూ అనుమానించాలి. అక్కడా రంగు తేడాగా ఉంటేనే లోపం లోపల ఉన్నట్టు. అప్పుడు కూడా ట్యూబే అని తీర్మానించలేం, బోర్డు మీద ఒక టంకం వదిలినా అంతే. ట్యూబు నిజంగా అరిగితే తీరు వేరు: ఆన్ చేయగానే ఒక రంగు బాగా మసకగా ఉండి, వేడెక్కే కొద్దీ మెల్లగా పుంజుకుంటుంది. సందేశం చెప్పింది ఈ ఒక్క సందర్భానికే వర్తిస్తుంది.

పిన్ను మాట చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. వీజీఏ ప్లగ్గులో 15 స్థానాలుంటాయి. చాలా కేబుళ్లలో 9వ పిన్నును తయారీలోనే పెట్టరు. దాన్ని చూసి కొత్త కేబుల్ కొనడం దండగ. పై వరుసలోని మొదటి మూడూ వంగాయేమో చూడండి, అది చాలు.

అయస్కాంతం సలహా చదివితే ఒళ్లు మండుతుంది. పాత గాజు ట్యూబు లోపల సన్నటి రంధ్రాల లోహపు రేకు ఒకటుంటుంది. పక్కన పెట్టిన స్పీకర్ల వల్ల అది అయస్కాంతత్వం పట్టడంతోనే మూలల్లో మరకలు వస్తాయి. దానికి మరో అయస్కాంతాన్ని ఆనిస్తే రోగం ముదురుతుంది. స్పీకర్లు దూరం జరిపి, మెనూలో డీగాస్ (పట్టిన అయస్కాంతత్వాన్ని వదిలించేది) అనే మీట ఉంటే నొక్కండి. ధబ్‌మని శబ్దం వచ్చి బొమ్మ కాసేపు వణుకుతుంది, భయపడకండి. వెంటవెంటనే నొక్కితే పనిచేయదు. లోపల వేడిని బట్టి కరెంటును అదుపుచేసే థర్మిస్టర్ అనే భాగం చల్లారడానికి అరగంట ఆగాలి. మీట లేని మానిటర్లు ఆన్ చేసిన ప్రతిసారీ ఆ పని తామే చేసుకుంటాయి. ఇక గాజు ట్యూబు లేని పలుచటి ఎల్‌సీడీ తెరల్లో ఆ రేకే ఉండదు, అక్కడ అయస్కాంతానికి పనే లేదు.

ఉప్పుగాలి విషయంలో సగం నిజముంది. కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు వంటి చోట్ల ప్లగ్గుల పిన్నులు తుప్పు పట్టడం మామూలే. అలాంటప్పుడు కేబుల్ కదిపితే రంగు వచ్చి పోతూ ఉంటుంది. అన్నీ ఆపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక బిగిస్తే చాలు. తెర మొత్తం సమంగా పసుపెక్కిందంటే అది గాలి పని కాదు. పాత ఎల్‌సీడీల వెనక వెలిగే సన్నటి ఫ్లోరొసెంట్ దీపాలు వయసుతో అలా మారతాయి. అంతకంటే ముందు విండోస్ 10లో నైట్ లైట్ (తెరను పసుపుగా మార్చే రాత్రి సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో, మానిటర్ మెనూలో రంగు ఉష్ణోగ్రత (ఇది తగ్గే కొద్దీ తెర పసుపెక్కుతుంది) 6500కె కంటే తగ్గి ఉందేమో చూడండి.

ఇక పగలగొట్టడం. కలర్ ట్యూబుకు 25,000 వోల్టుల దాకా అందుతుంది, ప్లగ్గు పీకేశాక కూడా ఆ చార్జి లోపల నిలిచి ఉండవచ్చు. లోపల గాలి ఉండదు కాబట్టి దెబ్బ తగిలితే గాజు ముక్కలు ఎగిరిపడతాయి, ఆ గాజులో సీసం ఉంటుంది. ఎల్‌సీడీ దీపాల్లోనైతే పాదరసం. ఇలాంటి సరుకు కోసమే 2022 నాటి ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. నమోదైన రీసైక్లర్‌కు ఇవ్వండి, పాత ఇనుము బండికి వేయకండి.