రీఫ్ ట్యాంకులో రాళ్లు తగ్గించేవారికి రొయ్యల చెరువు నుంచి ఒక మాట

భీమవరంలో ఇంట్లో రీఫ్ ట్యాంకు, అంటే బతికున్న పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి, పెట్టుకున్నానని చెబితే మావాళ్లు మొదట అడిగే ప్రశ్న, "అందులో పట్టుబడి ఎంత వస్తుందండి?" అని. ఏమీ రాదు, పోవడమే తప్ప. గోదావరి బురదనీరు కలిసే మన తీరంలో పగడపు దిబ్బలు ఉండవు కాబట్టి ఈ వ్యసనానికి సంబంధించిన జ్ఞానం కూడా ఇక్కడ పుట్టింది కాదని నేను చాలాకాలం అనుకున్నాను. లైవ్ రాక్, అంటే నీటిని శుభ్రం చేసే బ్యాక్టీరియా పట్టిన రాళ్లు, తగ్గించే పనిలో దెబ్బ తిన్నాకనే, అందుకు కావలసిన తెలివి మా మావయ్య చెరువు గట్టు మీదే ఉందని తెలిసింది.

నాది 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న ట్యాంకు. కాగితం మీద 432 లీటర్లు. గాలనుకు ఒకటి నుంచి రెండు పౌండ్ల రాయి ఉండాలన్న పాత లెక్కను నమ్మి, మొదట్లోనే 60 కిలోల ఎండురాళ్లు పేర్చాను. నాలుగేళ్లలో వాటికి ప్రాణం వచ్చింది, గులాబిరంగు నాచుపొర పట్టింది, సందుల్లో పురుగులు, స్పాంజీలు చేరాయి. కానీ ఆ లెక్క మురికిని నురగతో తీసే స్కిమ్మర్లూ, నీటిని తిప్పే వేవ్‌మేకర్లూ ఇంత బలంగా లేని రోజులది. నా ట్యాంకులో వెనక అద్దానికి ఆనుకుని ఒక గోడే లేచింది. దాని వెనక్కి నీటి ప్రవాహం వెళ్లదు, తిండి తునకలూ రెట్టా అక్కడే పేరుకుంటాయి, ఆ మురికి నుంచి పుట్టే నైట్రేట్ ఎన్ని నీళ్లు మార్చినా దిగదు. సగం రాళ్లు తీసేయాలని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అంటాను.

రాయి ముట్టుకుంటే బ్యాక్టీరియా పోయి ట్యాంకు కూలిపోతుందని భయపెట్టేవారితో నాకు పేచీ ఉంది. చేపలకు విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లకు మాత్రమే అంటుకుని ఉండదు. ఇసుక రేణువుల మీద, అద్దాల మీద, పైపుల లోపల, ట్యాంకు కింద ఉండే సంప్ తొట్టిలో, తడి తగిలే ప్రతి చోటా పొరకట్టి ఉంటుంది. అది ఎంత ఉండాలన్నది దానికి దొరికే మేతను బట్టి తేలుతుంది కానీ మనం పేర్చిన రాళ్ల కిలోలను బట్టి కాదు. కొద్దికొద్దిగా తగ్గిస్తే మిగిలిన రాళ్ల మీది బ్యాక్టీరియా కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో ఆ లోటు పూడ్చుకుంటుంది. భయపడవలసింది రాయి కింద ఉన్నదానికి. అది ఎవరూ నాకు గట్టిగా చెప్పలేదు.

సంక్రాంతి సెలవుల్లో ఒక సాయంత్రం ఏకబిగిన 25 కిలోలు తీశాను. ఇసుకలో దిగబడి ఉన్న పెద్ద రాయిని పైకి లాగగానే దాని అడుగు నుంచి నల్లటి పొగలాంటి బురద లేచి, నిమిషంలో ట్యాంకంతా కమ్ముకుంది. కుళ్లిన కోడిగుడ్ల వాసన హాల్లోకి వచ్చింది. తెల్లారేసరికి అమ్మోనియా టెస్టు పసుపు దాటి ఆకుపచ్చకు తిరిగింది, నాలుగు క్రోమిస్ చేపలు చచ్చిపోయాయి, క్లౌన్ చేపల జత నీటి పైన నోళ్లు తెరుచుకుని ఉంది. ఇది చాలదన్నట్టు, రాళ్లు తీసినందుకు సంప్‌లో మట్టం పడిపోతే, ఆవిరైన నీటిని భర్తీ చేయడానికి పెట్టిన ఆటోమేటిక్ పంపు అది ఆవిరే అనుకుని రాత్రంతా ఉప్పులేని ఆర్వో నీళ్లు నింపింది. 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35) ఉండవలసిన ఉప్పదనం 34 కంటే కిందికి దిగింది. పెరట్లో తడిగోనె మీద పెట్టిన రాళ్లలో ఒకదాన్ని తిప్పి చూస్తే, చూపుడువేలు పట్టేంత బొరియలో నా గోబీ చేప ఎండిపోయి ఉంది. అది ఆ రాయిలోనే ఉందని నేను చూసుకోలేదు. ఆ ఒక్కదానికి మాత్రం నాకు సాకు లేదు.

కాళ్ల మండలం వైపు వనామి రొయ్యల చెరువులు చేసే మావయ్య ఆ మధ్యాహ్నం భోజనానికి వచ్చి, ట్యాంకు వాసన చూసి, ఇంకేమీ అడక్కుండానే అన్నాడు: "అడుగు కెలికేవేంట్రా? నల్లమట్టి మేం పట్టుబడయ్యాక చెరువు ఎండగట్టి తీస్తాం. రొయ్య ఉండగా ఎవడన్నా కెలుకుతాడేంటి?" సాయంత్రం పీహెచ్ పెరిగే వేళ అమ్మోనియా మరింత విషమవుతుందని ఆయనకు తెలుసు. ఎప్పుడూ 8.2 దగ్గర ఉండే నా ట్యాంకులో పొద్దున్నా సాయంత్రమూ అదే పరిస్థితి. నాది ఎండగట్టే వీలు లేని చెరువు కాబట్టి రాయి ఎత్తకముందే మట్టి తోడుకోమన్నాడు.

మిగిలిన పనంతా ఆ మాట మీదే చేశాను. రెండు వారాలకు ఒక రాయి, మూడు కిలోలకు మించకుండా. ఉదయమే మొదలుపెట్టడం, ఎందుకంటే తేడా వస్తే పట్టించుకోవడానికి పగలంతా చేతిలో ఉంటుంది. ముందు ఆటోమేటిక్ పంపును ఆపి, వేవ్‌మేకర్లు కట్టేసి, సన్నటి గొట్టం మొన రాయి మొదట్లో ఆనించి, పక్కనుంచి మట్టి పీల్చుకుంటూ ఉంటే, మా ఆవిడ రాయిని బియ్యపు గింజంత మేర పైకి లేపి ఆగేది. నీళ్లు తేటగా వచ్చాక ఇంకొంచెం లేపేది. ఒక్క రాయికి ముప్పావుగంట పట్టేది. పోయిన నీటికి బదులు ముందురోజు కలిపి, ఉష్ణోగ్రత, ఉప్పదనం సరిచూసిన ఉప్పునీరే పోయాలి. మట్టం నిండాకే ఆటోమేటిక్ పంపు తిరిగి వేయాలి. రాయిని గాలిలోకి తీయకుండా, ట్యాంకు నీరు నింపిన బకెట్‌ను దగ్గర పెట్టుకుని అందులోకి దించి, బొరియలన్నీ టార్చితో చూసి, దాక్కున్నవాటికి ఒక గంట సమయమివ్వాలి. చేప తనంతట తాను వస్తుంది, పీత రాదు.

ముందుగా పైన వదులుగా ఉన్నవి తీయాలి. కమానుకు ఆధారంగా ఉన్నదాన్ని లాగితే మొత్తం అద్దం మీద పడుతుంది. రెండు, మూడు రోజులు వరసగా అమ్మోనియా చూసి, అది సున్నా ఉంటేనే తరువాతి రాయి. మెత్తటి పగడాలు అలజడికి రసాలు వదులుతాయి కాబట్టి ఆ వారం యాక్టివేటెడ్ కార్బన్ వేసి ఉంచాను. గులాబిరంగు నాచుపొర నీటిలోని ఆల్కలినిటీని, అంటే పీహెచ్ పడిపోకుండా కాచే కార్బొనేట్లను, వాడుకుంటుంది కాబట్టి, అది ఉన్న రాళ్లు తగ్గితే రోజూ వేసే ఆల్కలినిటీ మందు కూడా తగ్గించాలి. ఇది మన రొయ్యల రైతులకు విడమరిచి చెప్పనక్కరలేదు.

ఒక్క విషయంలో మాత్రం గొంతు పెంచి చెబుతాను. జోవాంథిడ్ పగడాలు (బొత్తాల్లా గుంపుగా పెరిగే మెత్తటి రకం) పట్టిన రాయిని వేడినీళ్లలో వేయకండి, ఉడికించకండి, పొడిగా బ్రష్‌తో రుద్దకండి. ఏదైనా శుభ్రం కావాలంటే సలసలా కాగే నీళ్లు పోయడం మన ఇళ్లలో అలవాటే. వీటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. ఆవిరితో పాటు అది గాలిలోకి లేచి, పీల్చిన కుటుంబాలు ఆసుపత్రుల పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. చేతికి తొడుగు, కంటికి అద్దాలు లేకుండా అలాంటి రాయిని నేను ముట్టను.

తీసినవాటిని పారేయలేదు. ఉప్పునీటి డ్రమ్ములో చిన్న పంపు పెట్టి నెలరోజులు ఉంచాను, ట్యాంకు తేడా చేస్తే తిరిగి వేసుకోవచ్చని. పంటకాలువలో వేయాలన్న ఆలోచన కూడా రాకూడదు, ఎక్కడెక్కడి జీవాలో వాటి మీద ఉంటాయి. సముద్రం నుంచి ఏరిన పగడపు రాళ్లను అమ్మకానికి, కొనుగోలుకు పెట్టేవారికి ఇంకొక మాట: 2001 నుంచి మన గట్టిపగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో, ఉన్నాయి.

ఇప్పుడు ట్యాంకులో 30 కిలోల లోపే ఉన్నాయి. నైట్రేట్ దిగింది, వెనక అద్దం దాకా నీరు తిరుగుతోంది. తీద్దామనుకున్నవాటిలో ఒక రాయి మిగిలిపోయింది. దాని కింద పిస్టల్ రొయ్య సొరంగం తవ్వుకుని, కొత్తగా తెచ్చిన గోబీతో కాపురం పెట్టింది. రాత్రిపూట లైట్లు ఆపాక అది చేసే టిక్కుటిక్కు శబ్దం హాల్లోకి వినిపిస్తుంది. ఆ రాయి జోలికి వెళ్లడం మానేశాను.