లిమిటర్ బటన్ గారికి, అలిపిరి నుంచి

మహారాజశ్రీ స్పీడ్ లిమిటర్ బటన్ గారి సముఖానికి,
రేసు కారు స్టీరింగు, ఎడమ బొటనవేలి దాపున, లెమాన్, ఫ్రాన్స్.

అలిపిరి టోల్‌గేటు కింద టీ బంకు దగ్గర చేరే బండ్లవాళ్ళం నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. 24 గంటల రేసులో ఎవడో గోడకు గుద్దుకున్నప్పుడల్లా గంటకు 340 కిలోమీటర్లలో పోయే బండ్లను 80కి దించేది తామేనని తమరు చెప్పుకుంటున్నట్టు తెలిసింది. ఆ సంగతి కొంచెం మాట్లాడుకోవాలి సామీ.

అసలు తమరి ఉద్యోగం ఏమిటి? టైర్లకూ పెట్రోలుకూ బండ్లు ఆగే పిట్ లేన్‌లో బండి 60 దాటకుండా చూసుకునే గుమాస్తా పని. తర్వాత ఫుల్ కోర్స్ ఎల్లో అనే పద్ధతి వచ్చి, ట్రాకంతా ఒకేసారి 80కి దిగాలన్నారు. తమరికి ప్రమోషన్ వచ్చింది. పని మాత్రం పాతదే. చక్రాల సెన్సర్లు 80 అని చెప్పగానే ఇంజన్‌కు నిప్పో పెట్రోలో ఆపి గొంతు నొక్కడం, అంతే. 300 నుంచి 80కి దించేది బ్రేకు. ఆ రెండు వేగాల మధ్య బండిలో ఉండే శక్తి 14 రెట్లు తేడా. ఆ వేడంతా మింగేది కార్బన్ డిస్కులు, పేరు తమరికి. తెలిసిన డ్రైవరు ముందు బ్రేకు తొక్కి, 80 దగ్గరికి వచ్చాకే తమరిని నొక్కుతాడు. తొందరపడి పైవేగంలో నొక్కితే వెనక చక్రాలను ఇంజన్ లాగి పట్టుకుంటుంది, మలుపులో ఉంటే తోక తిరుగుతుంది.

ఇంకో లోపం, ఇది మా కొండోళ్ళకు వెంటనే తడుతుంది. పల్లంలో తమరు దేనికీ పనికిరారు. ఇంజన్ నోరు మూయగలరు కానీ భూమి లాగేదాన్ని ఆపలేరు కదా. తిరుమల నుంచి దిగేటప్పుడు సెకండ్ గేరు వేసుకోమని ఎందుకంటారనుకున్నారు? న్యూట్రల్‌లో దిగి, బ్రేకు మీదే కూర్చుని, కింద వినాయకుడి గుడి దగ్గరికి వచ్చేసరికి చక్రాల్లోంచి కాలిన వాసన రప్పించేవాళ్ళు మాకు కొత్త కాదు.

పోతే, తమరు బొటనవేలు లేనిదే కదలరు. రేస్ డైరెక్టర్ రేడియోలో వెనక్కి అంకెలు లెక్కబెడతాడు, స్క్రీన్ మీద పసుపు లైటు వెలుగుతుంది, సున్నా అనగానే అందరూ 80కి రావాలి. 300లో సెకనుకు 83 మీటర్లు. ఒక సెకను ఆలస్యంగా దిగినవాడికి దాదాపు 61 మీటర్లు ఊరికే వచ్చిపడతాయి. బండి నుంచి వచ్చే టెలిమెట్రీ లెక్కల్లో దొరికితే శిక్ష. తొందరగా దిగిన మర్యాదస్తుడికి వెనకనుంచి గుద్దు. మరి కంట్రోల్ రూములో కూర్చుని ఒకే మీటతో అందరినీ ఆపెయ్యొచ్చుగా అని మా బంకులో అడగనివాడు లేడు. బండి మలుపు మధ్యలో ఉందో, ఇంకొకరి పక్కనే దూసుకుపోతోందో ఆ మీటకు ఎట్లా తెలుస్తుంది? డ్రైవరు చేయని పనికి బండి ఎగిరిపడితే కేసు ఎవరిమీద పెట్టాలి? అందుకే వేలికి వదిలేశారు.

ఒక విషయంలో మాత్రం తమరికి దండం. అందరూ ఒకే క్షణంలో దిగితే బండ్ల మధ్య దూరం మారదు. 83 మీటర్ల ఎడం 83గానే ఉంటుంది, మళ్ళీ పచ్చజెండా ఊపగానే అట్లాగే కదులుతారు. 2014 నుంచి లెమాన్‌లో ఉన్న స్లో జోన్ లెక్క వేరు. ప్రమాదం జరిగిన ముక్కలోనే, బోర్డు ఉన్నచోటే 80కి దిగాలి కాబట్టి ముందువాడు ముందే దిగుతాడు, వెనకవాడు 300లోనే వస్తాడు, 83 మీటర్లు కాస్తా 22 అవుతుంది. రెండు బస్సుల పొడవు! జోన్ 2 కిలోమీటర్లనుకోండి, 240లో అర నిమిషంలో దాటేదానికి 80లో నిమిషంన్నర. జోన్ పెట్టకముందే జారుకున్నవాడికి ఉత్తపుణ్యానికి నిమిషం లాభం. అయినా దాన్నే ఎందుకు వాడతారంటే, 13.626 కిలోమీటర్ల ట్రాకులో ఒక మూల ప్రమాదానికి మొత్తం 80లో తిప్పితే ల్యాప్ పది నిమిషాలు దాటుతుంది, మామూలుగా మూడున్నర. పాత పద్ధతిలో రేసు బండ్లను వెనక వరసగా నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్లు మూడు దింపేవాళ్ళు. పక్కపక్కనే పోటీపడే ఇద్దరు వేరువేరు కార్ల వెనక ఇరుక్కుంటే ట్రాకులో మూడోవంతు దూరం పడేది.

ఇప్పుడు మా స్లిప్పు సంగతి. పైన టోల్‌గేటులో టైము కొట్టిస్తారు, కొండ దిగడానికి 40 నిమిషాలు, ఎక్కడానికి 28, అంతకంటే ముందు అవతలి గేటుకు రాకూడదు. దిగే దారి 1944 నాటిది, సుమారు 19 కిలోమీటర్లు. 45లో దిగితే పాతిక నిమిషాలకే కిందికి వచ్చేస్తారు. అందుకే చెక్‌పోస్టుకు ఇవతల నీడ చూసుకుని బండి ఆపి, పావుగంట సెల్లు చూసుకుని, టైము కాగానే పెద్దమనిషిలా గేటు దాటుతారు. స్లిప్పుకు రెండు చివరలే తెలుసు. మలుపు ఎట్లా తిప్పారో దానికెవరు చెప్పాలి?

తమరి బంధువు ఫార్ములా వన్‌లో ఉన్నాడుగా, పేరుకే కారు, ట్రాకు మీదికి రాకుండానే అందరినీ నెమ్మదింపజేసే వర్చువల్ సేఫ్టీ కార్! జపాన్‌లోని సుజుకా ట్రాకులో 2014 ప్రమాదం తర్వాత 2015లో పుట్టాడు. అతనూ స్లిప్పు సంతానమే. స్పీడు పరిమితి పెట్టడు, టైము ఇస్తాడు. కాకపోతే ట్రాకును చిన్నచిన్న సెక్టార్లుగా కోసి, ప్రతి సెక్టారులో ఒక్కసారైనా టైముకు వెనక ఉండాలంటాడు. అంటే ప్రతి ఫర్లాంగుకూ ఒక అలిపిరి గేటు. అక్కడా మధ్యలో కొంచెం తొక్కి, గేటు ముందు నెమ్మదించే మహానుభావులు ఉన్నారు. తమరి దగ్గర ఆ వేషాలు సాగవు, ఒప్పుకుంటాం. దుబాయ్ 24 గంటల రేసులో ఊదా జెండాతో 60కి దించుతారు, అక్కడా తమరి ఇంటి పద్ధతే.

ఇక ఫిర్యాదులు. పది నిమిషాలు 80లో తిరిగితే టైర్లు చల్లారి గాలి ఒత్తిడి పడుతుంది, కార్బన్ బ్రేకు చల్లగా ఉంటే పట్టదు. పచ్చజెండా తర్వాత మొదటి మలుపులోనే ఇంకొకడు గోడ దగ్గరికి పోతాడు, మళ్ళీ తమరికి పని. తమరిని ఆపడం మరిచి యాక్సిలరేటర్ తొక్కినవాడి గతి మరీ ఘోరం. బండి తపతపా తుమ్ముతూ 80లోనే ఉంటుంది, వెనక ఉన్న పదిమందీ పక్కనుంచి పోతారు.

ఇట్లు,
స్లిప్పు జేబులో పెట్టుకుని గుడి నీడన కూర్చున్నవాళ్ళు.

తా.క. వానకాలంలో జాగ్రత్త. తమరు చక్రం తిరిగిన లెక్కనే నమ్ముతారు కదా. వాన టైరు వ్యాసం ఎక్కువ. 700 మిల్లీమీటర్ల చక్రం 10 మిల్లీమీటర్లు పెరిగితే తమరు 80 అనుకున్నది నిజంగా 81 దాటుతుంది. టైరు మార్చినప్పుడు ఆ చుట్టుకొలత బండి కంప్యూటరు ఈసీయూలో మార్చని ఇంజనీరు తప్పుకు శిక్ష డ్రైవరుకు పడుతుంది. తమరికెప్పుడూ పడదు.