నార్వే బాగుండటం రాజుగారి పుణ్యం కాదు

విశాఖలో వాట్సాప్ గ్రూపులు ఉన్నవాళ్లకి ఈపాటికి ఆ ఫార్వర్డ్ వచ్చే ఉంటుంది. బీచ్ రోడ్డు వాకర్స్ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, రిటైరైనవాళ్ల గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: ప్రపంచంలో సుఖంగా ఉన్న దేశాలన్నిటికీ రాజో రాణో ఉన్నారు, మనం మాత్రం రాజుల్ని తీసేసి నాయకుల్ని నెత్తికెక్కించుకున్నాం. కింద ఒక కిరీటం బొమ్మ, "నిజమనిపిస్తే పదిమందికి పంపండి" అని ఒక మాట. చాలామందికి నిజమే అనిపించినట్టుంది. అందులో ఉన్న ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

మొదటి ముక్క: "నార్వే, స్వీడన్, డెన్మార్క్, నెదర్లాండ్స్, జపాన్. అన్నీ రాజ్యాలే, అన్నీ సంపన్న దేశాలే."

ఉన్న పేర్లన్నీ సరైనవే. లేని పేర్లు చూడండి. ఆఫ్రికాలోని ఎస్వాతినీని 1986 నుంచి మూడో ఎంస్వాతి ఏలుతున్నాడు. అక్కడ 1973 నుంచి రాజకీయ పార్టీల మీద నిషేధం. రాజు వైభవానికి లోటు లేదు, జనం మాత్రం పేదలు. లెసోతోకీ రాజున్నాడు, కంబోడియాకీ ఉన్నాడు. ఫార్వర్డ్‌లో వీటి ఊసే లేదు. స్విట్జర్లాండ్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, ఐర్లాండ్, సింగపూర్ కూడా లేవు, వాటికి రాజు లేడు కాబట్టి. ద్వారకానగర్ జంక్షన్‌లో ఇంటర్ కాలేజీ ఫ్లెక్సీ మీద ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలే ఉంటాయి, తప్పినవాళ్లవి వెయ్యరు కదా. ఇదీ అంతే.

ఫిన్లాండ్ సంగతి సరదాగా ఉంటుంది. 1918లో అక్కడి పార్లమెంటు ఫ్రెడరిక్ కార్ల్ అనే జర్మన్ రాకుమారుణ్ణి రాజుగా ఎన్నుకుంది. ఈలోగా జర్మనీ యుద్ధంలో ఓడిపోయింది. ఆయన ఫిన్లాండ్‌లో అడుగు పెట్టకుండానే పదవి వదులుకున్నాడు, 1919లో ఆ దేశం గణతంత్రమైంది. పక్కనే ఉన్న స్వీడన్‌కి రాజు ఉండిపోయాడు. వందేళ్లు దాటాక ఆ రెండు దేశాల బళ్లు, ఆసుపత్రులు, పెన్షన్లు పక్కపక్కన పెట్టి ఏది రాజున్న దేశమో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. ఐస్‌లాండ్‌కి 1944 దాకా డెన్మార్క్ రాజే రాజు. ప్రజల ఓటుతో ఆయన్ని వదిలేసుకున్నారు. దానివల్ల వాళ్లకి వచ్చిన నష్టమేమీ కనపడదు.

మరి రాజులు మిగిలిన దేశాల్లో అంత ఎక్కువ శాతం ఎందుకు బాగున్నాయి? అధికారం వదలనన్న రాజులు పోయారు కాబట్టి. రష్యాలో 1917లో, జర్మనీలో 1918లో, ఇరాక్‌లో 1958లో, ఇరాన్‌లో 1979లో అదే జరిగింది. వదిలినవాళ్లే మిగిలారు. 1905లో నార్వేవాళ్లు డెన్మార్క్ రాకుమారుడు కార్ల్‌ని రాజుగా రమ్మంటే, ముందు జనాన్ని అడగండి అన్నాడాయన. ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 79 శాతం సరేనన్నాకే ఏడో హాకోన్‌గా గద్దెనెక్కాడు. స్వీడన్ 1974 నాటి కొత్త రాజ్యాంగంలో ప్రధానిని నియమించే పని కూడా రాజు చేతిలోంచి తీసి పార్లమెంటు స్పీకరుకి అప్పజెప్పింది. జపాన్ 1947 రాజ్యాంగం చక్రవర్తిని దేశానికి చిహ్నం అంది, పాలనలో మాత్రం ఏ అధికారమూ ఇవ్వలేదు. అంటే ఫార్వర్డ్ మెచ్చుకుంటున్న దేశాలన్నీ రాజు చేత సంతకం తప్ప మరేమీ చేయించకుండా కట్టడి చేసిన దేశాలు. మెచ్చుకోవాల్సింది ఆ కట్టడిని.

రెండో ముక్క: "రాజు ఉంటే దేశం స్థిరంగా ఉంటుంది."

థాయ్‌లాండ్‌లో రాజు ఉన్నాడు. 1932 తర్వాత అక్కడ జరిగిన సైనిక తిరుగుబాట్లు లెక్కపెట్టాలంటే రెండు చేతుల వేళ్లూ చాలవు. 2006లో ఒకటి, 2014లో ఒకటి. రాజుని తూలనాడితే ఒక్కో మాటకీ 3 నుంచి 15 ఏళ్ల జైలు పడే చట్టం మాత్రం స్థిరంగా ఉంది. బెల్జియంకీ రాజున్నాడు. 2010 ఎన్నికల తర్వాత అక్కడ పార్టీలకి పొత్తు కుదరక 541 రోజులు పూర్తి స్థాయి ప్రభుత్వం లేదు. ఇటలీలో 1922లో ముస్సోలినీని పిలిచి ప్రధాని పదవి ఇచ్చింది సాక్షాత్తూ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్. 1946లో జనం ఓటేసి ఆ వంశాన్ని సాగనంపారు.

ఈ వాదంలో బలమైన ఉదాహరణ ఒకటుంది, ఫార్వర్డ్ రాసినాయనకి అది తట్టలేదు. 1981 ఫిబ్రవరి 23న స్పెయిన్‌లో సైనికులు తుపాకులతో పార్లమెంటులోకి జొరబడితే, రాజు హువాన్ కార్లోస్ టీవీలో కనపడి రాజ్యాంగం వైపు నిలబడ్డాడు, తిరుగుబాటు కూలింది. అది కాదనలేం. కానీ అదే మనిషి 2012లో, దేశంలో ఉద్యోగాల్లేక జనం అల్లాడుతున్నప్పుడు, బోట్స్వానాకి ఏనుగుల వేటకి వెళ్లి పట్టుబడ్డాడు. 2014లో గద్దె దిగాడు. ఆర్థిక ఆరోపణలు ముసురుకుంటే 2020లో దేశం విడిచి అబుదాబి చేరాడు. 1981 నాటి ధైర్యం ఆ మనిషిది. కొడుకు కూడా అలాగే ఉంటాడన్న పూచీ వంశం ఇవ్వదు. భూటాన్ రాజు ఈ సంగతి ముందే గ్రహించినట్టున్నాడు. 2008 రాజ్యాంగం ప్రకారం అక్కడ రాజు 65 ఏళ్లకి దిగిపోవాలి, పార్లమెంటు, ప్రజలు కలిసి తప్పించనూ వచ్చు.

ఖర్చు, టూరిజం సంగతి తొందరగా చూసేద్దాం. "రాజు ఖర్చు తక్కువ, ఆదాయం ఎక్కువ" అంటోంది ఫార్వర్డ్. బ్రిటన్ రాజకుటుంబానికి ఖజానా నుంచి వచ్చే గ్రాంటు 2024-25లో 8.63 కోట్ల పౌండ్లు, ప్యాలెస్ మరమ్మతుల పేరుతో 2025-26లో 13.21 కోట్లు. మన డబ్బులో సుమారు 1,500 కోట్ల రూపాయలు. భద్రత ఖర్చు ఇందులో కలవలేదు. రాజు ఖజానాకి ఇస్తున్నాడని చెప్పే క్రౌన్ ఎస్టేట్ (రాజపదవికి చెందిన భూములు, భవనాలు) ఆదాయం ఆయన సొంత ఆస్తి మీద వచ్చేది కాదు, దాన్ని ఆయన అమ్ముకోలేడు. ఇక టూరిజం అంటారా? ఫ్రాన్స్‌లో రాజు లేక ఎంతో కాలమైంది, వెర్సాయ్ ప్యాలెస్ ముందు క్యూ తగ్గలేదు. దసరా సెలవుల్లో విశాఖ నుంచి బస్సు కట్టుకుని మైసూరు వెళ్లేవాళ్లు చూసొచ్చేది ప్యాలెస్‌నే, లోపల రాజు ఏలుతున్నాడా లేదా అని ఎవరూ అడగరు.

మనవాళ్ల మనసుకి తగిలింది మాత్రం తర్వాతి ముక్క: "మన ప్రాంతాన్నే చూడండి. ఆంధ్రా యూనివర్సిటీ, విజయనగరం కాలేజీలు, అన్నీ మహారాజుల చలవే."

దానం జరిగిన మాట వాస్తవం. ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే మాటలు కాదు. పూసపాటివారి పేరు చెప్పకుండా విజయనగరంలో చదువు గురించి మాట్లాడలేం. కానీ మనం మహారాజులంటున్నది జమీందార్లని. వాళ్లు పేష్కష్ అనే కప్పం కట్టి నెట్టుకొచ్చారు. మన జిల్లాలోనే ఉన్న పద్మనాభంలో 1794 జులైలో విజయనగరం పూసపాటి విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది పేష్కష్ బకాయిల గొడవలోనే. ఆ తర్వాత వారసుడికి తిరిగి దక్కింది జమీందారీ, రాజ్యం కాదు.

ఆ దానాలకి డబ్బెక్కడిది? రైతు కట్టిన శిస్తు. ఆ శిస్తుల బరువు గురించి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన వేసిన కమిటీ 1938లో నివేదిక ఇచ్చింది, భూమి హక్కుదారు రైతేనంది. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందారీలు పోయాక ఆంధ్రా యూనివర్సిటీ మూతపడలేదు. రాజుగారి దయ ఉంటే వచ్చే గ్రాంటు, శాసనసభలో అడిగి నిలదీయగల గ్రాంటు ఒకటి కావు. ఆ రెండోది కూడా సరిగ్గా రావడం లేదంటారా, దాని గురించి ఎంత గట్టిగా తిట్టినా నాకు అభ్యంతరం లేదు.

పైగా రాజవంశీకులకి గణతంత్రం తలుపులు మూసిందా? పూసపాటి అశోక్ గజపతిరాజుగారు 2014లో విజయనగరం ఎంపీగా గెలిచి కేంద్రమంత్రి అయ్యారు. 2019లో అదే ఓటర్లు ఓడించారు. 2024లో ఆయన కుమార్తె విజయనగరం ఎమ్మెల్యే అయ్యారు. 2025లో ఆయన గోవా గవర్నరయ్యారు. గౌరవం ఉన్నచోటే ఉంది, దాంతోపాటు ఇంటికి పంపే హక్కూ ఉంది. కిరీటం కింద దొరకనిది ఆ రెండోదే.

"రాజు పార్టీలకి అతీతుడు, రాష్ట్రపతి పార్టీ మనిషి" అన్న మాటలో కొంత నిజం ఉంది. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం చేసింది రాష్ట్రపతే. రెండేళ్ల తర్వాత జనం ఓటుతో లెక్క సరిచేశారు. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. 2022 డిసెంబరు 4న నేవీ డే విన్యాసాలు చూడ్డానికి ఆర్కే బీచ్‌కి వచ్చిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారిది ఒడిశాలోని మయూర్‌భంజ్. 1949 జనవరి 1న ఒడిశాలో కలిసేదాకా అది సంస్థానం. అక్కడ పుట్టిన సంతాల్ ఆడబిడ్డ 1997లో రాయరంగపూర్‌లో కౌన్సిలరై, పాతికేళ్లకి దేశాధినేత అయ్యారు. ఆ సంస్థానమే కొనసాగి ఉంటే ఆ గద్దె ఒక్క కుటుంబానిదే.

మనం రాజుల్ని తీసేశాం అన్నదీ సగం మాటే. 1950 జనవరి 25 దాకా భారతదేశానికి రాజు ఇంగ్లండ్‌లో ఉన్న ఆరో జార్జి. ఆయన తండ్రి పేరే మన కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) బోర్డు మీద ఇంకా ఉంది.

ఉన్న రాజుని ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ దేశాలవాళ్లే తేల్చుకోవాలి. ఆస్ట్రేలియావాళ్లు 1999లో ఓటు పెట్టుకుని గణతంత్రం వద్దనుకున్నారు. బార్బడోస్ 2021లో ఏ గొడవా లేకుండా రాణిని వదిలేసింది. కట్టడిలో ఉన్న రాజుని నార్వే ఉంచుకుంటే నాకు తప్పేమీ కనపడదు. దాన్ని చూపించి మనకి రాజు కావాలనడమే తప్పు లెక్క.

చివరి ముక్క: "నేపాల్‌లో జనం మళ్లీ రాజే కావాలంటున్నారు."

2025 మార్చిలో కాఠ్మాండులో అలాంటి ఊరేగింపులు జరిగాయి, నిజమే. 2008 తర్వాత పదికి పైగా ప్రభుత్వాలు మారాయి, జనానికి విసుగు పుట్టిందన్నదీ నిజమే. కానీ రాజు ఉన్న 1990లలో కూడా ప్రభుత్వాలు ఇలాగే కూలాయి. 2005 ఫిబ్రవరి 1న అప్పటి రాజు జ్ఞానేంద్ర, ఉన్న ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, ఫోన్లు తెగ్గొట్టి అధికారమంతా తన చేతుల్లోకి తీసుకున్నాడు. 2008 మే 28న రాజ్యాంగ సభ రాచరికాన్ని రద్దు చేసినప్పుడు వ్యతిరేకంగా పడినవి నాలుగే ఓట్లు. రాజు కావాలనే పార్టీకి 2022 ఎన్నికల్లో 275 సీట్లలో 14 వచ్చాయి.

ఇక 2025 సెప్టెంబరు. యువకుల ఉద్యమంలో పార్లమెంటు భవనం తగలబడింది, ప్రధాని ఓలి రాజీనామా చేశారు, అక్కడ చిక్కుకున్న తెలుగువాళ్లని ప్రత్యేక విమానంలో మన విశాఖకి కూడా తీసుకొచ్చారు. రాజు తిరిగి రావడానికి అంతకంటే అనువైన వారం ఉండదు. ఆ యువకులు ముందుకు తెచ్చిన పేరు మాత్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కిది. ఆమె సెప్టెంబరు 12న తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు, ఎన్నికల తేదీ 2026 మార్చి 5 అని వెంటనే ప్రకటన వచ్చింది.