పెరాక్సైడ్ ఎంత పోశారండీ?

"రోగం ఉన్నచోటే విచ్చుకునే నానో మందు" అంటూ మళ్ళీ ఒక వార్త వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద అందరూ దండాలు పెడుతున్నారు. నా సందేహం ఒక్కటే: ల్యాబ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎంత పోసి చూశారు?

ఆలోచనకు వంక పెట్టడం లేదు. వాపు ఉన్నచోట, కణితుల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎక్కువ, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి చురుకైన ఆక్సిజన్ పదార్థాలు అక్కడ పేరుకుంటాయి. వాటికి కరిగే పాలిమర్‌లో (ప్లాస్టిక్ లాంటి పొడవాటి గొలుసు అణువుల పదార్థంలో) మందు పెడితే అక్కడే బయటపడుతుంది. 2004లో జెఫ్రీ హబ్బెల్ అనే శాస్త్రవేత్త బృందం పాలీప్రొపిలీన్ సల్ఫైడ్‌తో ఈ పని చేసి చూపించింది. నీళ్ళంటే గిట్టని ఆ పాలిమర్‌లోని సల్ఫర్‌కి ఆక్సిజన్ తగులుకుంటే అది కాస్తా నీళ్ళతో కలిసిపోతుంది, ఆ పాలిమర్‌తో కట్టిన మందు సంచి విడిపోతుంది. ఎంత ముచ్చటైన కెమిస్ట్రీ! 2010లో ఇంకొకరు థయోకీటాల్ (ఇలాగే ఆక్సిడేషన్‌కి తెగిపోయే ఇంకో పాలిమర్) కణాలను నోటి ద్వారా ఇచ్చి ఎలుకల పేగు వాపు తగ్గించారు.

గొడవంతా మోతాదు దగ్గరే. మామూలు కణంలో పెరాక్సైడ్ నానోమోలార్ లెక్కలో ఉంటుంది (మోలార్ అంటే గాఢత కొలత; వెయ్యి నానోలు ఒక మైక్రో, వెయ్యి మైక్రోలు ఒక మిల్లీ). వాపు ఉన్నచోట 50 నుంచి 100 మైక్రోమోలార్ అని పేపర్లే రాస్తాయి. తీరా ప్రయోగానికి వచ్చేసరికి కొందరు 100 మిల్లీమోలార్ పోస్తారు. అంటే వెయ్యి రెట్లు! పుండ్లు కడగడానికి మెడికల్ షాపులో అమ్మే 3 శాతం పెరాక్సైడ్ సీసాలో ఉండేదే దాదాపు 900 మిల్లీమోలార్. ఆ ఘాటుకి పాలిమర్ విడిపోతే అందులో గొప్పేముంది? చేయాలనుకుంటే చేయొచ్చు కూడా: 2012లో అమెరికాలోని శాన్ డియాగోలో అల్ముతైరి అనే శాస్త్రవేత్త బృందం 50 మైక్రోమోలార్‌కే స్పందించే కణాలు తయారుచేసింది. అలాంటి పేపర్‌కి దండం పెట్టండి, నేనూ పెడతాను.

సరే, విచ్చుకుంటుందనే అనుకుందాం. అసలు అక్కడికి చేరేది ఎంత? పదేళ్ళ పరిశోధనలు తిరగేసి 2016లో వేసిన లెక్క ప్రకారం, ఎక్కించిన నానోకణాల్లో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతం. ఈ అంకె ఏ హెడ్‌లైన్‌లోనూ కనపడదు.

ఇలాంటి వార్తే చూసి మా బంధువొకాయన ఫోన్ చేశారు, ఆ మందు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందని. ఇంట్లో క్యాన్సర్ పేషెంట్ ఉన్నారు. "దొరకదు బాబాయ్, అది ఇంకా ఎలుకల దగ్గరే ఉంది" అని ఆయనకి చెప్పాల్సింది నేనా, ఆ వార్త రాసినవాళ్ళా?