కారణం అటకలో ఉంటే సుత్తి దెబ్బలు పైకప్పుకు

ఈ తెల్లవారుజామున ఐదున్నరకు అమెరికాలోని మినియాపొలిస్ నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేసి, పడకగది సీలింగు నుంచి నీళ్ళు కారుతున్నాయని చెప్పినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. వారం క్రితమే ఒక మనిషి వాళ్ళ ఇంటిపైకెక్కి, చూరు అంచున పేరుకున్న మంచుగడ్డను సుత్తితో పగలగొట్టి, పెద్ద మొత్తమే తీసుకుని వెళ్ళాడు. ఆ దెబ్బలకు తారు పెంకులు చిట్లాయి. మంచు మాత్రం మళ్ళీ అదే చోట గడ్డకట్టింది. ఈ సంగతి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెడితే, మా బావగారు "చలిదేశంలో మంచు కాక ఇంకేం పడుతుంది, ఎండలు వచ్చేదాకా ఓర్చుకోమను" అని రాశారు. పిల్ల రాత్రంతా మంచం జరుపుకుంటూ, బకెట్లు మారుస్తూ కూర్చుంటే పెద్దవారు చెప్పవలసిన మాట ఇదేనా?

మంచు పడటం వేరు, అది గడ్డకట్టి చూరును పట్టుకోవడం వేరు. గదుల్లోని హీటరు వేడి సందుల గుండా అటకలోకి, అంటే సీలింగుకూ పైకప్పుకూ మధ్య ఉన్న ఖాళీలోకి, ఎక్కి కప్పును వెచ్చబరిస్తే, పైన ఉన్న మంచు అడుగు నుంచి కరుగుతుంది. ఆ నీరు వాలు వెంట జారి, గోడ దాటి బయటికి పొడుచుకువచ్చిన చూరు దగ్గరికి రాగానే, అక్కడ కింద వెచ్చదనం లేదు కనుక, మళ్ళీ గడ్డకడుతుంది. ఆ గడ్డ రోజురోజుకూ గట్టులా పెరిగి, బ్యారేజి గేట్లు దించినప్పుడు కృష్ణలో నీరు నిలిచినట్లు, కరిగిన నీటిని వెనక్కి ఆపుతుంది. తారు పెంకులు జారిపోయే నీటి కోసం పరచినవి, నిలిచే నీటిని అవి ఆపలేవు. చూరుకు మర్రి ఊడల్లా వేలాడే మంచు ఎంత అందంగా ఉందో అని మన బంధువులంతా మెచ్చుకున్న ఫొటో, నిజానికి ఇంటి వేడి పైకి కారిపోతోందన్న హెచ్చరిక.

కనుక వైద్యం అటకలో మొదలు కావాలి. దీపాల చుట్టూ, పైపుల చుట్టూ, అటక మూత అంచున ఉన్న సందులు ముందు మూసి, ఆ తరువాత ఇన్సులేషన్, అంటే వేడిని పైకి పోనివ్వని పొర, దట్టంగా పరచాలి. అంతటి చలి ప్రాంతాలకు వేడిని ఆపే శక్తిని కొలిచే ఆర్ లెక్కలో అది ఆర్-49 నుంచి ఆర్-60 దాకా ఉండాలంటారు, అంటే దాదాపు అడుగున్నర మందం. చూరు కింద నుంచి చల్లగాలి లోపలికి వచ్చి, కప్పు కొప్పు దగ్గర బయటికి పోయే దారి తెరిచి ఉండాలి. నేను పోరగా మా అమ్మాయి ఈరోజు అటక మూత తీసి చూసింది: బాత్‌రూం ఫ్యాను గొట్టం బయటికి పోకుండా అటకలోనే ఆగిపోయి, వెచ్చటి గాలిని అక్కడే వదులుతోంది, ఇన్సులేషన్ కొన్నిచోట్ల జానెడు కూడా లేదు. సుత్తి పట్టుకుని పైకెక్కిన మనిషి ఒక్కసారి లోపలికి తల పెట్టి ఉంటే ఇది కనబడేది కాదా?

గుంటూరులో నాకు జరిగిందీ ఇదే, అందుకే నాకింత కోపం. బ్రాడీపేటలోని మా మేడమీద మూడేళ్ళలో మూడుసార్లు నీరు దిగకుండా రసాయనం పూశారు, మూడుసార్లు డబ్బులిచ్చాను, ప్రతి వానాకాలమూ స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడుతూనే ఉన్నాయి. అసలు దోషం వాటంలో ఉంది. నీళ్ళు తూము వైపు నడవకుండా పిట్టగోడ మూలకు చేరి నిలుస్తున్నాయి. పైన పూసేవాడికి పూత ముఖ్యం, నీటి నడక ఎవరికీ పట్టదు.

అటక పని పూర్తయ్యేలోపు చేయదగింది ఉంది. మంచు కురిసిన వెంటనే, నేల మీదే నిలబడి, పొడవాటి పిడి ఉన్న పారతో చూరు నుంచి మూడు నాలుగు అడుగుల మేర లాగేస్తే, గట్టు కట్టేందుకు సరుకు తగ్గుతుంది. కల్లుప్పు చల్లమని గ్రూపులో సలహా ఇచ్చినవారికి కూడా చెబుతున్నాను, అది చూరు అంచున నీరు పోయే లోహపు కాలువలను తుప్పు పట్టించి, కింది మొక్కలను చంపుతుంది. జారే కప్పు మీదికి అల్లుడిని ఎక్కమనే మాట మాత్రం దయచేసి ఎవరూ అనకండి.

సోమవారం అటక పనివాళ్ళు వస్తున్నారట. ఫ్యాను గొట్టం బయటికి తీసి, సందులు మూసిన తరువాత, పైన ఇన్సులేషన్ పరచకముందే ఫొటోలు పంపమని అమ్మాయికి చెప్పాను.