ముసలి గొంతుకు దిగుమతి సుంకం

హైదరాబాదులో సంగీత రసికతను ఇప్పుడు తూకం వేసి నిర్ణయిస్తున్నారు. 180 గ్రాముల వినైల్ రికార్డు, అంటే ముల్లు ఆనించి వినే నల్ల పళ్లెం, కొన్నవాడు రసికుడు. అంతకన్నా తేలికైనది కొన్నవాడు ఔత్సాహికుడు. ఫోనులో వినేవాడు జనాభా లెక్కలకు మాత్రమే పనికొస్తాడు. ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. పాట బాగుందో లేదో తేల్చాలంటే వినాలి, తూకానికి ఆ శ్రమ లేదు.

జూబ్లీహిల్స్ నుంచి కొండాపూర్ దాకా ఏ హాల్లోనైనా గోడకు ఆనించి కనిపించవలసిన రికార్డు ఒకటుంది. అది అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ ఆల్బమ్ ‘రఫ్ అండ్ రౌడీ వేస్’. ఆయన కుర్రతనపు రికార్డు పెట్టుకుంటే లాభం లేదు, అవి అందరికీ తెలుసు. మలివయసుదే కావాలి. 2020 జూన్‌లో ఇది వచ్చేనాటికి ఆయనకు 79 ఏళ్లు. 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి ప్రకటిస్తే, డిసెంబరులో స్టాక్‌హోంలో జరిగిన ప్రదాన సభకు ఆయన వెళ్లనే లేదు. శాలువా కప్పుతామంటే జ్వరంతోనైనా లేచి వచ్చే మన సాంస్కృతిక వాతావరణంలో ఈ ఒక్క కారణానికే ఆయనను దూరం పెట్టాలి. దిగుమతి సరుకు కనుక క్షమించాం.

2012 తర్వాత ఎనిమిదేళ్లపాటు ఆయన నుంచి సొంత పాటల ఆల్బమ్ రాలేదు. మధ్యలో చేసిన మూడు ఆల్బమ్‌ల నిండా పాతతరం అమెరికన్ పాటలే, అందులోనూ ఎక్కువగా ఫ్రాంక్ సినాట్రా పాడినవే. అదే పని చిక్కడపల్లిలోనూ జరుగుతోంది. త్యాగరాయ గానసభలో పదవీ విరమణ చేసిన బ్యాంకు మేనేజరుగారు ట్రాకు పెట్టుకుని ఘంటసాల పాటలు పాడతారు. పై స్థాయి అందదు, చరణం మధ్యలో ఊపిరి పీల్చుకుంటారు. డిలన్ పాడితే గతానికి కొత్త వ్యాఖ్యానం అంటాం. మేనేజరుగారు పాడితే, వియ్యంకుడు పిలిచాడు కనుక వెళ్లి, రెండో పాటకు పార్కింగు గుర్తొచ్చి లేస్తాం. ఇందులో అన్యాయమేమీ లేదు. గానసభలో ప్రవేశం ఉచితం. రూపాయి ఖర్చు లేకుండా విన్న ముసలి గొంతులో లోతు ఎక్కడి నుంచి వస్తుంది?

గొంతు అరిగిపోయింది అనరాదు, ‘కాలం చెక్కిన స్వరం’ అనాలి. నిజానికి ఈ ఆల్బమ్‌లో ఆయన ఆ గొంతును చాలా తెలివిగా వాడాడు. అందని చోటికి ఎగబాకడు. మాట్లాడుతున్నట్టే పాడతాడు, వాయిద్యాలు పక్కకు తప్పుకుని మాటకు దారి ఇస్తాయి. ‘కీ వెస్ట్’ అనే పాట తొమ్మిదిన్నర నిమిషాలపాటు అకార్డియన్ వెంట నింపాదిగా సాగుతుంది, ఎక్కడా తొందర లేదు. కానీ ఇలాంటివి సభలో చెప్పకండి. విన్నారని అనుమానిస్తారు.

అసలు చిక్కు నాలుగో వైపుతో. ఇది రెండు ఎల్పీల (పెద్ద రికార్డుల) సెట్టు, అంటే నాలుగు వైపులు. పది పాటల్లో తొమ్మిది మొదటి మూడు వైపులా సర్దుకోగా, నాలుగో వైపు మొత్తాన్నీ ‘మర్డర్ మోస్ట్ ఫౌల్’ ఒక్కటే ఆక్రమించింది. నిడివి దాదాపు 17 నిమిషాలు. 1963లో డాలస్‌లో జరిగిన అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్యతో మొదలవుతుంది. కొంతసేపటికి డిలన్ పెద్దాయన వుల్ఫ్‌మన్ జాక్ అనే రేడియో వ్యాఖ్యాతను పిలిచి, ఫలానా పాట వెయ్యి, ఫలానావారిది వెయ్యి అని అడగడం మొదలుపెడతాడు. ఇక ఆపడు. ఆ వ్యాఖ్యాత 1995లోనే పోయాడు. వివిధభారతి ‘జనరంజని’కి కార్డులు రాసిన మనవాళ్లు కనీసం బతికున్న అనౌన్సరుకు రాసేవారు. అన్నీ అడిగి, చిట్టచివర తాను పాడుతున్న ఈ పాటనే వెయ్యమంటాడు. అంత తెగువ మన శ్రోతల్లో ఎవరికీ లేకపోయింది.

మన ఇళ్లలోనూ ఈ పాట ఉంది. ఇందిరాగాంధీ పోయిన రోజున తాను ఏ బస్టాండులో చిక్కుకుపోయిందీ చెబుతూ తాతయ్య అక్కడి నుంచి లీల, జిక్కి, పి.బి.శ్రీనివాస్ పాటల్లోకి మళ్లుతారు. ఒక్కొక్కటి రెండేసి లైన్లు పాడతారు కూడా. పదిహేడు నిమిషాలు అవసరం లేదు, మూడో నిమిషానికే “తాతయ్యా, బీపీ మాత్ర వేసుకున్నారా?” అని అడుగుతాం. ఆయన చేసిన పొరపాటల్లా కవరు లేకుండా, నలుపు ప్లాస్టిక్కు మీద అచ్చు కాకుండా నేరుగా మాట్లాడటమే.

ధ్వని స్వచ్ఛత గురించి కూడా ఒక మాట. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ కంపెనీవి, పూర్తిగా అనలాగ్ అని (ధ్వనిని అంకెల్లోకి మార్చకుండా చేసినవని) నమ్మిన ఖరీదైన రికార్డుల తయారీలో డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడింది. అంతవరకు వాటిలో డిజిటల్ కరకుదనం మచ్చుకైనా లేదని చెవులతో ప్రమాణం చేసిన నిపుణులున్నారు. మనకు ఆ బెడద లేదు. అపార్ట్‌మెంటు బోరు మోటారు వేయగానే అదురు నేల గుండా ముల్లుకు చేరుతుంది, పై అంతస్తులో గ్రైండరు తాళం అందుకుంటుంది. ఈ రెండూ నూటికి నూరుపాళ్లు అనలాగే.

అయినా వినేవారు వింటూనే ఉన్నారు. రికార్డు తిప్పడానికి లేస్తున్నారు, మళ్లీ కూర్చుంటున్నారు, మూడో వైపు పూర్తయ్యేసరికి బిర్యానీ వస్తోంది. కనుక పాత రికార్డుగా కొనదలచినవారు ధైర్యంగా బేరమాడవచ్చు. మొదటి వైపున గీతలుంటాయి, రెండో వైపున వేలిముద్రలుంటాయి. నాలుగో వైపు మాత్రం కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుంది.