256 జీబీ అని చెప్పి అంటగడుతున్నారు

కొత్త ల్యాప్‌టాప్ కొనే పిల్లలకి "256 జీబీ స్టోరేజ్ చాలు, మిగతాది క్లౌడ్‌లో పెట్టుకో" అని చెప్పే షాపులవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ 256 విండోస్‌లో కనిపించేది 238 మాత్రమే. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది. అందులో సిస్టమ్, అప్‌డేట్లు కలిసి 30, 40 జీబీ తినేస్తాయి. 16 జీబీ ర్యామ్ ఉంటే హైబర్నేషన్ ఫైలే (తెరిచి ఉన్న పనిని డ్రైవ్‌లో దాచి ల్యాప్‌టాప్‌ని ఆపడానికి విండోస్ పెట్టుకునేది) 6 జీబీ పైన. పెద్ద అప్‌డేట్ వచ్చిందా, పాత విండోస్ మొత్తం పది రోజులు పక్కనే కూర్చుంటుంది.

పైగా ఎస్ఎస్‌డీని, అంటే ఫైళ్లు దాచే ఈ డ్రైవ్‌ని, అంచుల దాకా నింపకూడదు. ఖాళీ బ్లాకులు లేకపోతే రాసే వేగం పడిపోతుంది. కనీసం 15 శాతం వదలాలి. అంటే చేతికి మిగిలేది 160 చిల్లర. ఫోన్‌లో తీసిన 4కె వీడియో నిమిషానికి 350 ఎంబీ దాకా లాగుతుంది. గంట పెళ్లి వీడియోకే 21 జీబీ!

ఉత్తరాలు, బ్రౌజర్ తప్ప ఏమీ వాడనివాళ్లకి 256 సరే. చదువుకీ ఉద్యోగానికీ 512 తీసుకోండి. ఎడిటింగ్, గేములు ఉంటే 1 టీబీ. కొనేముందు ఒక్కటే అడగండి: డ్రైవ్ విప్పి మార్చుకునే ఎం.2 స్లాట్‌లో ఉందా, బోర్డుకే అతికించేశారా? అతికించి ఉంటే తర్వాత మార్చుకోలేరు. ఈ మాట కొనేవాళ్లకి ముందే ఎందుకు చెప్పరు?